బ్యాంకాక్‌లో ఏం కొనాలన్నా, ఏం చూడాలన్నా: దేనికి ఎటు వెళ్ళాలి

బ్యాంకాక్ వెళ్తున్నామని చెప్పగానే ప్రతివాళ్ళూ ఒకటే జాబితా చదువుతారు. చాటుచాక్, ప్రతూనాం, ఎంబీకే, గ్రాండ్ ప్యాలెస్, ఫ్లోటింగ్ మార్కెట్, అంతే. వీటిలో ఏది ఎవరికి, ఏ రోజు, ఏ పూట అన్నది మాత్రం చెప్పరు. మనవాళ్ళలో చాలామంది హైదరాబాద్‌లో రాత్రి ఫ్లైటెక్కి, తెల్లారేసరికి దిగి, మూడు నాలుగు రోజుల్లో గుళ్ళూ బజార్లూ అన్నీ కలిపి కుక్కేసి వచ్చేస్తారు కాబట్టి అన్నీ చూసే తీరిక ఎలాగూ ఉండదు. కొన్ని వదిలేయాల్సిందే. ఏవి వదిలేయాలో తేల్చుకోడానికే ఇదంతా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ ఊళ్ళో డబ్బు మిగిలేది బేరంలో కాదు, వస్తువుకి తగ్గ బజారుకి వెళ్ళడంలో. ఏనుగుల బొమ్మలున్న ఆ వదులు ప్యాంటు ఉంది కదా, అందరూ వేసుకుని ఫొటోలు పెట్టేది, అది బ్యాక్‌ప్యాకర్లు దిగే ఖావో శాన్ రోడ్డులో ఒక ధర, చాటుచాక్‌లో ఇంకో ధర, ప్రతూనాంలో మూడు కలిపి తీసుకుంటే మరో ధర. ఖావో శాన్‌లో అరగంట గొంతు చించుకుని సాధించే ధర ప్రతూనాంలో మనం నోరు విప్పకముందే అట్టముక్క మీద రాసి ఉంటుంది. పైగా అక్కడి ఎండ, ఉక్కపోత, ట్రాఫిక్ సంగతి తెలిసిందే. తప్పు బజారుకి వెళ్తే పోయేది వంద బాత్ కాదు, సగం రోజు. (బాత్ అంటే మూడు రూపాయలు అనుకుంటే మనసులో లెక్క సులువు. రేటు రోజూ మారుతుంది.)

ముందు క్యాలెండర్ చూసుకోండి

మీరు అక్కడ ఉండే రోజుల్లో శనివారమో ఆదివారమో ఉందా లేదా? మొదటి ప్రశ్న ఇదే. ఎందుకంటే చాటుచాక్ వారాంతపు సంత. మిగతా రోజుల్లో కొన్ని షాపులు తీసి ఉంటాయి, బుధ, గురువారాల్లో మొక్కల బజారు నడుస్తుంది, కానీ అందరూ చెప్పే ఆ చాటుచాక్ మాత్రం శని, ఆదివారాల్లోనే. మంగళవారం వెళ్ళి మూసిన షట్టర్ల ముందు నిలబడే టూరిస్టులు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటారు.

వారాంతం దొరికితే వెళ్ళండి, కానీ ఎందుకు వెళ్తున్నారో తెలుసుకుని వెళ్ళండి. పదిహేను వేల పైచిలుకు స్టాళ్ళు, 27 సెక్షన్లు. రేకుల కప్పు కింద ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు. ఇంటి అలంకరణ, పింగాణీ గిన్నెలు, చెక్క సామాను, సబ్బులు, అగరు సువాసనలు, చేత్తో చేసిన బ్యాగులు, పాత జీన్సు, కుర్ర డిజైనర్లు సొంతంగా కుట్టి అమ్మే బట్టలు, 7వ సెక్షన్‌లో బొమ్మలు గీసేవాళ్ళ షాపులు, వీటికి చాటుచాక్‌ని మించింది లేదు. ఇంకెక్కడా దొరకని వస్తువు కావాలంటే ఇక్కడికే రావాలి. మామూలు టీషర్టులు, పిల్లల గౌన్లు, చెల్లికి రెండు టాపులు లాంటి వాటి కోసమైతే ఇంత ఎండలో ఇంత దూరం రానక్కర్లేదు.

ఉదయం తొమ్మిదిన్నర, పదికల్లా అక్కడ ఉండాలి, ఒంటిగంట లోపు బయటపడాలి. మధ్యాహ్నం తర్వాత ఆ రేకుల కింద పెద్దవాళ్ళని తిప్పడం వాళ్ళని శిక్షించడమే. బీటీఎస్‌లో (వంతెన మీద నడిచే రైలు) అయితే మో చిత్ స్టేషన్, ఎంఆర్‌టీలో (మెట్రో రైలు) అయితే చాటుచాక్ పార్క్ దాటి కాంఫేంగ్ ఫెత్ దాకా వెళ్ళి దిగండి, 2వ నంబరు దారిలో పైకి వస్తే సరాసరి బజారులోనే తేలతారు. మధ్యలో గడియార స్తంభం ఉంటుంది. ఇంట్లోవాళ్ళు విడిపోతే అక్కడ కలుసుకుందామని ముందే చెప్పుకోండి. ఇంకోటి, నచ్చిన వస్తువు కనిపిస్తే 'ఇంకాస్త చూసి వెనక్కొచ్చి తీసుకుందాం' అనుకోవద్దు, ఆ షాపు మళ్ళీ దొరకదు. కనీసం సెక్షన్ నంబరు, సందు నంబరు ఉన్న కార్డైనా అడిగి జేబులో పెట్టుకోండి.

ఎండకి తట్టుకోలేకపోతే రోడ్డు అవతల ఓర్ తో కోర్ మార్కెట్ ఉంది. పండ్ల కోసం అది చూడాలి. ధర ఎక్కువే, కానీ మామిడి, మాంగోస్టీన్, దురియన్ ఎంత శుభ్రంగా, ఎంత పద్ధతిగా పేర్చి ఉంటాయంటే కొనకపోయినా ఒక చుట్టు చుట్టాలనిపిస్తుంది. దురియన్ మాత్రం అక్కడే తినేయండి. ఆ వాసనకి హోటళ్ళు చాలావాటిలో లోపలికి రానివ్వరు.

బట్టలకైతే ప్రతూనాం, ఇంకో మాట లేదు

వారాంతం లేకపోయినా పర్వాలేదు అని ధైర్యంగా చెప్పడానికి కారణం ప్రతూనాం. రోజూ ఉంటుంది. బైయోకే టవర్ చుట్టూ ఉన్న సందులన్నీ, ఇంద్రా స్క్వేర్, ప్లాటినం ఫ్యాషన్ మాల్ కలిపి ఒకటే పెద్ద బట్టల ప్రపంచం. మన దేశం నుంచి సరుకు కొనడానికి వెళ్ళే చిన్న వ్యాపారులు, బొటిక్‌లు నడిపేవాళ్ళు ఎక్కువగా తిరిగేది ఇక్కడే, నల్ల కవర్లు కట్టిన మూటలతో ట్రాలీలు లాగుతూ కనిపిస్తారు.

లోపల ప్లాటినం, బయట వీధి బజారు. రెండింటిలో ఏది? పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే ప్లాటినం. ఏసీ ఉంటుంది, బాత్రూంలు ఉంటాయి, పైన ఫుడ్ కోర్టు ఉంటుంది, ధరలు రాసి ఉంటాయి. అక్కడి పద్ధతి ఏంటంటే ఒక ముక్క కొంటే ఒక ధర, అదే షాపులో మూడు తీసుకుంటే హోల్‌సేల్ ధర. మూడూ ఒకే డిజైన్ కావాలా, కలిపి తీసుకోవచ్చా అన్నది షాపుని బట్టి. అందుకని అక్కచెల్లెళ్ళో స్నేహితులో ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి ఒకే షాపులో కొనుక్కుంటే బేరం లేకుండానే గిట్టుబాటవుతుంది. బయటి వీధుల్లో ఇంకొంచెం చవక, కాకపోతే నాణ్యత చూసుకునే కన్ను ఉండాలి, తోపులాట భరించాలి. వీధి బజారు పొద్దున్నే మంచిది. ప్లాటినం రాత్రి ఎనిమిదయ్యేసరికి సర్దేస్తారు, కాబట్టి డిన్నర్ తర్వాత వెళ్దాం అనుకోవద్దు.

ఇక్కడ మనవాళ్ళకి తగిలే అసలు చిక్కు సైజులు. థాయ్ వాళ్ళవి సన్నటి ఒళ్ళు. 'ఫ్రీ సైజ్' అని రాసి ఉన్నది మన లెక్కలో చాలాసార్లు ఎస్, మహా అయితే ఎం. ట్రయల్ రూంలు చాలా షాపుల్లో ఉండవు, ఉన్నా హోల్‌సేల్ ధరకి కొనేవాళ్ళని వేసి చూడనివ్వరు, తీసుకున్నాక మార్చరు. ఇంటి దగ్గరే మీకు సరిగ్గా పట్టే టాప్ ఒకదాన్ని టేపుతో కొలిచి, భుజం, ఛాతీ, పొడవు సెంటీమీటర్లలో ఫోన్‌లో రాసుకోండి. చిన్న టేపు ఒకటి బ్యాగులో వేసుకుంటే ఇంకా మంచిది, షాపువాళ్ళు కూడా ఏమీ అనుకోరు, వాళ్ళే తీసి కొలుస్తారు. మగవాళ్ళ బట్టలు ప్లాటినంలో తక్కువ. భర్తలు ఫుడ్ కోర్టులో కూర్చోవడం మంచిది, లేకపోతే గంటకోసారి 'అయిందా' అని అడుగుతూ అందరి ప్రాణం తీస్తారు.

ఇంకో లాభం, ప్రతూనాం చుట్టుపక్కల మన భోజనం దొరుకుతుంది. ఇంద్రా వెనక సందుల్లో భారతీయ హోటళ్ళు వరసగా ఉంటాయి. రుచి గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దు గానీ రోటీ, పప్పు, అన్నం, శాకాహారం అడిగితే అర్థమయ్యే మనుషులు ఉంటారు. థాయ్ హోటళ్ళలో కూరగాయలు మాత్రమే అని చెప్పినా చేపల సాస్ పడిపోతుంది, అది వాళ్ళకి మనకి ఉప్పు ఎలాగో అలాగ. ఎరుపు, పసుపు రంగుల్లో 'జే' అన్న గుర్తు ఉన్న చోట మాత్రం మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు.

సంపెంగ్: దీని గురించి మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు

చైనాటౌన్‌లో యావొరాత్ రోడ్డు పక్కనే సంపెంగ్ అనే సన్నటి సందు ఉంటుంది, కిలోమీటరు దాకా సాగుతుంది. క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, కీచైన్లు, పర్సులు, పెన్నులు, పెన్సిల్ డబ్బాలు, రిబ్బన్లు, పూసలు, లేసులు, బొమ్మలు, ప్యాకింగ్ కవర్లు. డజన్లలో అమ్ముతారు, ఒకటి కావాలన్నా కొందరు ఇస్తారు గానీ ధర వేరు. ఆఫీసులో ఇరవై మందికి ఏదో ఒకటి తేవాలి, పాప పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులు కావాలి, గృహప్రవేశానికి వచ్చిన ఆడవాళ్ళకి చిన్న పర్సులు ఇవ్వాలి, ఇలాంటి లెక్క ఉన్నవాళ్ళకి చాటుచాక్ కన్నా ప్రతూనాం కన్నా సంపెంగే నయం. ఇది చెప్తే చాలామంది 'అక్కడికి ఎందుకు, అంతా చైనా సరుకే కదా' అంటారు. నిజమే, కానీ ఎయిర్‌పోర్టులో మూడింతలు పోసి కొనే ఏనుగు కీచైన్ కూడా ఇలాంటి సరుకే.

పగలే వెళ్ళాలి. సాయంత్రం ఐదు దాటితే షాపులు మూసేస్తుంటారు. అప్పుడు పక్కనున్న యావొరాత్ నిద్రలేస్తుంది, తిండి బళ్ళు, నియాన్ బోర్డులు, జనం. కాబట్టి మూడింటికి సంపెంగ్‌లో దూరి, ఆరింటికి యావొరాత్‌లో తేలితే ఒకే దెబ్బకి రెండూ అయిపోతాయి. సోమవారం బళ్ళు చాలావరకు ఉండవు. చైనా కొత్త సంవత్సరం రోజుల్లోనూ, ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సొంగ్‌క్రాన్‌కీ సంపెంగ్ షాపులు చాలావాటికి సెలవు. 2019లో వాత్ మంగ్‌కాన్ ఎంఆర్‌టీ స్టేషన్ వచ్చాక ఇక్కడికి రావడం తేలికైపోయింది, అంతకుముందు టాక్సీలో ట్రాఫిక్‌లో కూర్చుని దేవుణ్ణి తల్చుకోవాల్సి వచ్చేది.

సంపెంగ్‌కి ఒక చివర పహురాత్, అక్కడి 'లిటిల్ ఇండియా'. గురుద్వారా, మిఠాయి కొట్లు, చీరలు, బట్టల తానులు. మనం ఇండియా నుంచి వెళ్ళి అక్కడ చీరలు చూడటంలో అర్థం లేదు, ఆకలేస్తే మాత్రం పనికొస్తుంది.

యావొరాత్‌లో ఎర్రటి బంగారం కొట్లు చూసి ఆగకుండా ఉండటం మన ఆడవాళ్ళకి కష్టం. థాయ్ బంగారం 96.5 శాతం స్వచ్ఛత, మన 22 క్యారెట్ (91.6) కన్నా ఎక్కువ, రంగు కూడా పచ్చగా మెరుస్తుంది. తూకం గ్రాముల్లో కాకుండా బాత్‌లలో చెప్తారు, ఒక బాత్ తూకం అంటే సుమారు 15.2 గ్రాములు. చూసి ఆనందించండి. కొనే ఆలోచన మానేయండి, ఎందుకంటే మన కస్టమ్స్ వాళ్ళు సుంకం లేకుండా నగలు వదిలేది ఏడాది పైన విదేశంలో ఉండి వచ్చినవాళ్ళకే, నాలుగు రోజుల టూరిస్టులకి ఆ వెసులుబాటు లేదు.

ఎంబీకే, నైట్ మార్కెట్లు, మాల్స్

ఎంబీకే 1985లో తెరిచిన పాత మాల్. ఫోన్ కవర్లు, ఛార్జర్లు, పాత ఫోన్లు, బ్యాగులు. ఒకప్పుడు తప్పనిసరిగా చెప్పేవాళ్ళు, ఇప్పుడు వాన పడితే వెళ్ళండి అంటాను. బ్రాండ్ పేర్లతో దొరికే నకిలీ సరుకు జోలికి పోవద్దు, నెల తిరగకుండా జిప్పు ఊడుతుంది.

నైట్ మార్కెట్లని షాపింగ్ కింద లెక్కేయకండి, అవి తిండి, షికారు కోసం. ఏషియాటిక్ నది ఒడ్డున ఉంటుంది, సాతోర్న్ రేవు నుంచి పడవలో వెళ్ళొచ్చు, శుభ్రంగా విశాలంగా ఉంటుంది, ధరలు టూరిస్టు ధరలు. శ్రీనకరిన్ ట్రైన్ మార్కెట్ దూరం, కానీ పాత సామాను, పాత కార్లు చూసే సరదా ఉన్నవాళ్ళకి అదే బాగుంటుంది. మిగతా నైట్ మార్కెట్లు ఏడాదికోసారి చోటు మారుస్తాయి, మూతపడతాయి, కొత్తవి వస్తాయి, అందుకని బయల్దేరే ముందు మ్యాప్‌లో ఆ వారం పెట్టిన ఫొటోలు చూసుకుని వెళ్ళండి. పత్‌పోంగ్ నైట్ మార్కెట్‌కి కుటుంబంతో వెళ్ళొద్దు, చుట్టూ బార్లు, లోపలికి లాగేవాళ్ళు, పైగా ధరలు రెట్టింపు.

ఇక స్నాక్స్, ఎండు మామిడి, తలనొప్పి బామ్, కొబ్బరి నూనె, టామ్ యమ్ పొడి లాంటివి బజార్లలో వెతక్కండి. బిగ్ సీ లాంటి సూపర్ మార్కెట్‌కి వెళ్ళి బుట్టలో వేసుకోండి, ధర తక్కువ, గడువు తేదీ చూసుకోవచ్చు. అసలైన థాయ్ పట్టు కావాలంటే అదీ బజార్లలో దొరకదు, 'సిల్క్' అని వంద బాత్‌కి ఇచ్చే స్కార్ఫ్ పాలిస్టరే. జిమ్ థామ్సన్ షాపులు ఖరీదు, కానీ నమ్మకం. పట్టు వ్యాపారాన్ని నిలబెట్టి 1967లో మలేషియా కొండల్లో నడకకి వెళ్ళి మాయమైపోయిన ఆ అమెరికన్ జిమ్ థామ్సన్ ఇల్లు ఎంబీకే దగ్గర్లోనే మ్యూజియంగా ఉంది, టేకు ఇల్లు, చుట్టూ చెట్లు. నన్నడిగితే ఎంబీకేలో గడిపే రెండు గంటలు ఇక్కడ గడపడం మంచిది.

గుళ్ళలో ఏది? టికెట్లు చూస్తే ఆలోచించాల్సిందే

గ్రాండ్ ప్యాలెస్ 500 బాత్, వాత్ ఫో 300, వాత్ అరుణ్ 200. (వాత్ అంటే గుడి.) నలుగురున్న కుటుంబానికి మూడూ కలిపితే నాలుగు వేల బాత్, అంటే పన్నెండు వేల రూపాయలు దాటకపోయినా దగ్గర్లోనే. ఒక్కటే చూడాలంటే ఏది అని చాలామంది అడుగుతారు.

జనం తాకిడి ఇష్టం లేనివాళ్ళకి, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి వాత్ ఫో. 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుడు, పాదాల మీద ముత్యపు చిప్పలతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు, నీడ, కూర్చునే చోట్లు, అక్కడే థాయ్ మసాజ్ నేర్పే పాత బడి. సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది కాబట్టి తొందర లేదు.

కానీ రామాయణం వింటూ పెరిగినవాళ్ళు 500 పెట్టి గ్రాండ్ ప్యాలెస్‌కే వెళ్ళాలని నేనంటాను. కారణం లోపలి గుళ్ళో ఉన్న మరకత బుద్ధుడు కాదు, ఆ విగ్రహం 66 సెంటీమీటర్లు, ఎత్తులో, దూరంలో ఉంటుంది, జనం తోసేస్తుంటారు. చూడాల్సింది ఆ గుడి చుట్టూ ఉన్న వసారా గోడలు. వాళ్ళ రామాయణం, రామకియెన్, 178 చిత్రాల్లో గోడ పొడవునా సాగుతుంది. మన కథే, కానీ మనది కాదు. రావణుణ్ణి తొత్సకన్ అంటారు, అంటే దశకంఠుడే. అక్కడ సీత రావణుడి కూతురు. హనుమంతుడు బ్రహ్మచారి అసలు కాదు, వారధి కడుతుంటే రాళ్ళు ఎత్తుకుపోతున్న మత్స్యకన్యని పట్టుకోబోయి ప్రేమలో పడతాడు, ఆమె కూడా రావణుడి కూతురే. తెల్లటి ఒంటితో ఆ హనుమంతుడు నోరు తెరిచి రాముడి డేరాని నోట్లో దాచి కాపాడే బొమ్మ ముందు మన పిల్లలు కదలరు, పెద్దవాళ్ళు 'ఇదేం కథరా' అని కాసేపు నొచ్చుకుంటారు, తర్వాత వాళ్ళూ కదలరు. టూర్ గైడ్లు జనాన్ని లోపలి విగ్రహం దగ్గరికి తోలుకుపోతారు కాబట్టి ఈ గోడల దగ్గర రద్దీ కూడా తక్కువ.

1782లో థాయ్ రాజు మొదటి రామ కట్టించిన కోట ఇది, ఇప్పటికీ రాజవంశానిది, అందుకే నియమాలు గట్టివి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, షార్ట్స్, చేతుల్లేని జాకెట్లు కుదరవు. సల్వార్ మీద పొడుగు కుర్తా హాయి. ఎనిమిదిన్నరకి తెరుస్తారు, మూడున్నరకి టికెట్లు ఆపేస్తారు, తెరవగానే వెళ్ళిపోండి. గేటు దగ్గర్లో ఎవరైనా చక్కగా ఇంగ్లీషులో 'ఈరోజు ప్యాలెస్ మూసేశారు, ఇంకో గుడి చూపిస్తా, టుక్‌టుక్ ఇరవై బాత్ మాత్రమే' అంటే నవ్వి ముందుకి నడవండి. ఆ ఆటో నేరుగా రత్నాల షాపుకో సూట్లు కుట్టే షాపుకో తీసుకుపోతుంది, డ్రైవర్‌కి అక్కడ కమిషన్.

వాత్ అరుణ్ లోపలికి వెళ్ళడం కన్నా ఇవతలి ఒడ్డు నుంచి సూర్యాస్తమయంలో చూడటం బాగుంటుంది, అది ఉచితం. పింగాణీ ముక్కలు పొదిగిన పని దగ్గర్నుంచి చూడాలనిపిస్తే తా తియెన్ రేవులో పడవ ఎక్కండి, కొద్ది బాత్‌లతో అవతలి ఒడ్డు. థాయ్ దుస్తులు అద్దెకి తీసుకుని ఫొటోలు దిగేవాళ్ళతో అక్కడ ఎప్పుడూ సందడే.

ఎత్తు నుంచి ఊరు చూడాలంటే మహానఖోన్ స్కైవాక్ (314 మీటర్లు, అద్దం నేల, టికెట్ వెయ్యి బాత్ దరిదాపుల్లో) కన్నా నాకు గుట్ట మీదున్న వాత్ సాకేత్ ఇష్టం. మూడొందల పైచిలుకు మెట్లు, కానీ చుట్టూ తిరుగుతూ మెల్లగా ఎక్కే మెట్లు, దారి పొడవునా చెట్లు, గంటలు, పైన గాలి. ఎత్తు తక్కువే. అయితే పాత ఊరు కనిపిస్తుంది, స్కైవాక్ మీద నుంచి ఫ్లైఓవర్లు కనిపిస్తాయి. ఇంకో సంగతి, ప్రతూనాం నుంచి సేన్ సేప్ కాలువలో నడిచే పడవ ఎక్కితే చివరి రేవులో దిగి నాలుగడుగులు వేస్తే ఈ గుట్టే. కాలువ వాసన వస్తుంది, నీళ్ళు చిందుతాయి, కానీ రోడ్డు మీద గంట పట్టే దూరం నిమిషాల్లో అయిపోతుంది.

మొక్కుకునే అలవాటు ఉన్నవాళ్ళకి రెండు చోట్లు, డబ్బు అక్కర్లేదు. ఒకటి ఎరవాన్, మాల్స్ నడుమ కూడలిలో నాలుగు ముఖాల బ్రహ్మ, మనూళ్ళలో గుడి దొరకని దేవుడికి అక్కడ పూలదండల గుట్టలు. ఇంకోటి సిలోం ప్రాంతంలో తమిళులు 19వ శతాబ్దంలో కట్టుకున్న మారియమ్మన్ గుడి, ఇప్పుడు మనవాళ్ళ కంటే థాయ్ భక్తులే ఎక్కువ.

ఫ్లోటింగ్ మార్కెట్ అవసరమా?

అందరూ చెప్పే ఫ్లోటింగ్ మార్కెట్ డామ్నోన్ సదువాక్, బ్యాంకాక్‌కి వంద కిలోమీటర్ల దూరం. పొద్దున్నే లేచి, వ్యానులో రెండు గంటలు వెళ్ళి, పడవకి మనిషికింత అని కట్టి, చూసేది మనలాంటి టూరిస్టులతో నిండిన ఇంకో పడవని. పిల్లలకి సరదా, ఫొటోలు బాగుంటాయి, కొనడానికైతే శుద్ధ దండగ. దారిలో మేక్లోంగ్ రైలు మార్కెట్ కలిపితే, అదే, రైలు రాగానే కూరగాయల బుట్టలు, టార్పాలిన్లు చకచకా వెనక్కి లాగే చోటు, అప్పుడు ఆ రోజుకి కాస్త న్యాయం జరుగుతుంది. శుక్రవారం నుంచి ఆదివారం వరకైతే డామ్నోన్ బదులు అంఫవా మంచిది, మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా ఉంటుంది, థాయ్ వాళ్ళే ఎక్కువగా వస్తారు. ఇంత దూరం వద్దనుకుంటే బ్యాంకాక్‌లోనే ఖ్లోంగ్ లాత్ మయోమ్ ఉంది, శని, ఆదివారాల్లో, చిన్నది, తిండి బాగుంటుంది. ఐకాన్‌సియామ్ మాల్ కింది అంతస్తులో ఏసీలో కట్టిన ఫ్లోటింగ్ మార్కెట్ కూడా ఉంది. నకిలీదే. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, నెలల బిడ్డ ఉన్న కుటుంబానికి అదే సరైనది, సిగ్గుపడక్కర్లేదు.

ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి

షాపింగే ముఖ్యమైతే ప్రతూనాం. మూటలు గదిలో పడేసి మళ్ళీ వెళ్ళొచ్చు, ఎయిర్‌పోర్టు రైలు రాచప్రారోప్ స్టేషన్‌లో ఆగుతుంది. కాకపోతే రోడ్లు ఎప్పుడూ జామ్, బీటీఎస్‌కి నడవాలి. అన్నీ సమానంగా చూడాలంటే అసోక్, రెండు రైళ్ళూ అక్కడే కలుస్తాయి. గుళ్ళు, నది, నింపాది కావాలంటే పాత ఊరు, ఇప్పుడు సనామ్ చాయ్ ఎంఆర్‌టీ ఉంది కాబట్టి ఇదివరకటి ఇబ్బంది లేదు. వాత్ ఫో నుంచి సంపెంగ్‌కి ఆ రైల్లో రెండే స్టేషన్లు, కాబట్టి ఆ రెండూ ఒకే రోజు పెట్టుకోండి. ప్రతూనాం, ఎరవాన్, వాత్ సాకేత్ ఇంకో రోజు. చాటుచాక్ రోజున మరేమీ పెట్టుకోవద్దు, వచ్చి స్నానం చేసి పడుకుంటారు, అంతే.

నది మీద నారింజ జెండా పడవ 16 బాత్, నీలం జెండా టూరిస్టు పడవ దానికన్నా బాగా ఖరీదు, నది మాత్రం ఒకటే. ఎంఆర్‌టీలో వీసా, మాస్టర్ కార్డు ట్యాప్ చేసి వెళ్ళిపోవచ్చు, బీటీఎస్‌కి వేరే టికెట్ తీసుకోవాలి. టుక్‌టుక్ ఏసీ టాక్సీ కన్నా ఖరీదు, సరదాకి ఒకసారి చాలు. టాక్సీ మీటర్ 35 బాత్ దగ్గర మొదలవుతుంది, మీటర్ వెయ్యనంటే దిగిపోండి, లేదా గ్రాబ్, బోల్ట్ యాప్‌లలో పిలుచుకోండి.

బేరం, నగదు, తిరుగు ప్రయాణం

కోఠీలో చెప్పిన ధరలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. చాటుచాక్‌లో పదో ఇరవయ్యో శాతం తగ్గిస్తారు, రెండు మూడు తీసుకుంటే ఇంకాస్త. ఖావో శాన్, పత్‌పోంగ్‌లో సగం నుంచి మొదలుపెట్టొచ్చు, అక్కడ ధర చెప్పడమే అలా చెప్తారు. 'లోత్ దాయ్ మాయ్' అని నవ్వుతూ అడగండి, క్యాలిక్యులేటర్ మీ చేతికిస్తారు. గొంతు పెంచితే బేరం ముగిసినట్టే, వాళ్ళు మళ్ళీ మన వైపు చూడరు. ధర ఒప్పుకున్నాక కొనకుండా వెళ్ళిపోవడం మాత్రం బాగోదు, మన వెనక వచ్చే మనవాళ్ళ మీద ఆ కోపం చూపిస్తారు.

బజార్లలో నగదే నడుస్తుంది. ప్రతి బండి మీదా క్యూఆర్ కోడ్ ఉంటుంది గానీ అది వాళ్ళ బ్యాంకు ఖాతాల కోసం, మన యూపీఐకి అలవాటుపడి ఖాళీ జేబుతో వెళ్తే టెన్షన్. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 220 బాత్ లేదా ఇంకా ఎక్కువ పోతుంది, అందుకని తీసేదేదో ఒకేసారి తీయండి. రూపాయలు అక్కడ మారిస్తే రేటు బాగోదు. కొత్త వంద డాలర్ల నోట్లు తీసుకెళ్ళి ఊళ్ళో సూపర్‌రిచ్ లాంటి కౌంటర్లలో మార్చుకుంటే ఎయిర్‌పోర్టు బ్యాంకుల కన్నా మెరుగు.

పెద్ద మాల్‌లో ఒకే షాపులో, ఒకే రోజు 2,000 బాత్‌కి పైన కొంటే ఏడు శాతం వ్యాట్‌లో చాలా భాగం వెనక్కి వస్తుంది. పాస్‌పోర్టు చూపించి ఆ షాపులోనే ఫారం రాయించుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. కొన్నది మొత్తం 20,000 బాత్, ఆ పైన అయితే ఎయిర్‌పోర్టులో లగేజీ ఇచ్చేయకముందే కస్టమ్స్ కౌంటర్లో ముద్ర వేయించుకోండి, ఎందుకంటే సరుకు చూపించమంటే చూపించాలి. డబ్బు ఇమిగ్రేషన్ దాటాక ఇస్తారు. ప్రతూనాం, సంపెంగ్ చిన్న కొట్లలో ఇదేమీ ఉండదు.

బుద్ధుడి విగ్రహాలు దేశం దాటించాలంటే వాళ్ళ ఫైన్ ఆర్ట్స్ శాఖ అనుమతి కావాలి, బజారులో అమ్మేవాడు 'ఏం కాదు' అంటాడు, ఎయిర్‌పోర్టులో వాడు మీ పక్కన ఉండడు. ఇక చవక టికెట్ కొన్నవాళ్ళు వచ్చేటప్పటి చెక్‌ఇన్ బ్యాగు బరువు ఆన్‌లైన్‌లో ముందే కొనేయండి. కౌంటర్ దగ్గర కిలోకి ఇంత అని కట్టించుకునే లెక్కలో ప్రతూనాంలో మిగిల్చింది మొత్తం అక్కడే పోతుంది.